పీచు, పేగులు, నా షుగర్ మీటర్

గర్భం 26వ వారంలో గ్లూకోజ్ పరీక్ష చేసి షుగర్ వచ్చిందన్నారు. ఆ రాత్రి కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. నా తిండి వల్లేనేమోనని ఒకటే టెన్షన్. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవని డాక్టరమ్మ చెప్పాకే మనసు కుదుటపడింది.

తిన్న గంటకు రక్తంలో చక్కెర 140 లోపు ఉండాలి. మొదటి రోజు మీటర్‌లో 158.

అప్పటి నుంచి ముందు కూరగాయలు, గింజలు తిని, పిండిపదార్థాలు ఆఖర్న తినడం మొదలుపెట్టాను. వాటిలో ఉండే, నీళ్లలో కరిగే పీచు పేగులో జిగురులా మారి, చక్కెరను రక్తంలోకి మెల్లగా దిగనిస్తుంది. అక్కడితో దాని పని అయిపోదు. పెద్దపేగులో ఉన్న బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు ఎక్కువ శక్తి ఈ బ్యూటిరేట్ నుంచే. ఇది తెలిసినప్పుడు ఎంత ఆశ్చర్యపోయానో!

రోజుకు 28 గ్రాముల పీచు కావాలనగానే ఒక్కసారిగా పెంచేశాను, అదే నా తప్పు. రెండు రోజులు కడుపుబ్బరం. తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగాను. మలబద్ధకమూ తగ్గింది. ఇన్సులిన్ అవసరమైతే తీసుకోవడానికి కూడా సిద్ధపడ్డాను.

పదో రోజు వేలి చివర సూది గుచ్చి, స్ట్రిప్ మీద చుక్క పెట్టి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి 131. అప్పుడే లోపల బిడ్డ తన్నింది.