ఆరు స్క్రూ కన్నాలు, మూడు ఆదివారాలు

ఇందాకే పది కిలోల బియ్యం సంచి తెచ్చి మా బండి తలుపుకున్న ఆ మడత బల్ల మీద పెట్టాను. పావుగంట చూశాను. కదల్లేదు. వేళ్లకి ఫెవికాల్ ఇంకా అట్టలు కట్టే ఉంది, గోళ్ల సందుల్లో చెక్కపొట్టు ఉంది. అయినా కూర్చుని రాసేస్తున్నాను. రేపటికి కోపం చల్లారిపోతే ఇంత వివరంగా రాయలేను.

మాది పాత టెంపో ట్రావెలర్. రిటైరయ్యాక కొని లోపల రెండు పరుపులు, స్టవ్వు, చిన్న సింకు పెట్టించాను. నేను క్యాంపర్ అంటాను, మా ఆవిడ ‘మీ చక్రాల కొంప’ అంటుంది. వెనక తలుపుకి లోపలివైపు ప్లైవుడ్ పలక, ఆ పలకకి మడిచి పెట్టుకునే చిన్న బల్ల. తలుపు తెరిచి బల్ల లేపుకుంటే సముద్రం చూస్తూ టీ తాగొచ్చు. ఆ బల్లని మోసేవి రెండు మడత బ్రాకెట్లు, ఒక్కోదానికి మూడు స్క్రూలు. మొత్తం ఆరు. నా పరువు తీసినవి ఈ ఆరే.

అరకు వెళ్లి వస్తూ అనంతగిరి ఘాట్ దిగాక చూస్తే బల్ల ఒక పక్కకి ఒరిగి ఉంది. పై స్క్రూలు రెండూ వదులు. బిగించబోతే గిర్రున తిరుగుతున్నాయి గాని బిగుసుకోవడం లేదు. బయటికి లాగితే వేలితో వచ్చేశాయి, వాటి మర చుట్ల మధ్య చెక్క పిండిలా అంటుకుని ఉంది. అంటే స్క్రూ బాగానే ఉంది, కన్నమే అరిగిపోయింది.

ఎందుకు అరిగిందో నాకు వెంటనే తెలిసింది. ముప్పై నాలుగేళ్లు విశాఖ స్టీల్ ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్ చేసినవాణ్ణి. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిన బ్లాస్ట్ ఫర్నేసుల (ఇనుము కరిగించే కొలుముల) దగ్గర నైట్ డ్యూటీల్లో తలలు నెరిపించుకున్న బ్యాచ్ మాది. లెక్క వేశాను. బల్ల అంచు పలక నుంచి 40 సెంటీమీటర్లు. అక్కడ ఎవరైనా మోచేతులు ఆనిస్తే 15 కిలోలు అనుకోండి. బ్రాకెట్టు పై స్క్రూకి, కింది స్క్రూకి మధ్య దూరం 10 సెంటీమీటర్లే. అంటే పై రెండు స్క్రూల మీద 60 కిలోల లాగుడు. దానికి తోడు ఘాట్ రోడ్డు కుదుపులు. లెక్క కరెక్టే. లెక్క తెలిసినంత మాత్రాన పని తెలిసినట్టు కాదని అప్పటికి నాకు బోధపడలేదు.

మొదట బండిలో చెక్కపని చేసిన షాపుకే తీసుకెళ్లాను. పేరెందుకులెండి. అక్కడి కుర్రాడు కన్నం చూడనైనా చూడకుండా రెండు అంగుళాల స్క్రూలు తీసి డ్రిల్ మిషన్‌తో బర్రుమని దింపేశాడు. ‘ఇంక జన్మలో ఊడదు సార్’ అన్నాడు. ఇంటికొచ్చి తలుపు బయట చూస్తే రేకు మీద మొటిమలా ఒక పొక్కు. స్క్రూ మొన లోపలి నుంచి రేకుని పొడిచింది. ఆ పొక్కు మీద పెయింటు పగిలింది. మన విశాఖ ఉప్పుగాలికి పెయింటు పగిలితే తుప్పు పట్టడానికి వారం చాలు. రెండు మూడు వందలు తీసుకుని బండికి కన్నం పెట్టే పనివాళ్లకి డ్రిల్ మిషన్ ఇవ్వకూడదని చట్టం రావాలి.

ఆ స్క్రూలు నేనే పీకేశాను. మొదటి ఆదివారం అగ్గిపుల్లలు, ఫెవిక్విక్. అది రాయిలా గట్టిపడింది, గాజువాక దాటకముందే రాయిలాగే పగిలింది. కుదుపు తగిలే చోట ఫెవిక్విక్ పనికిరాదు, పెళుసు. దీని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

రెండో ఆదివారం పద్ధతిగా చేద్దామనుకున్నాను. కన్నంలో ఫెవికాల్ నింపి, టూత్‌పిక్‌లు కుక్కి, ఆరాక మళ్లీ స్క్రూ ఎక్కించాలి. ఇంట్లో బీరువా తలుపులకి నేనే ఎన్నోసార్లు చేశాను. ఇక్కడ మాత్రం టూత్‌పిక్ పెడితే లోపలికి జారిపోతోంది. ఇంకోటి పెట్టాను. అదీ జారిపోయింది. కన్నం బాగా పెద్దదైపోయిందేమో అనుకుని పెడుతూనే పోయాను. డబ్బాలో సగం అయ్యాయి. చివరికి నాలుగైదు అడ్డంపడి ఇరుక్కున్నాయి. హమ్మయ్య అనుకుని రెండు గంటలు ఆరబెట్టి స్క్రూలు బిగించాను. బిగుసుకున్నాయి!

ఆ సాయంత్రమే అందరినీ భీమిలి రోడ్డు మీదికి తీసుకెళ్లాను. బల్ల లేపి, ఫ్లాస్కు, మిరపకాయ బజ్జీలు పెట్టాం. బజ్జీ కోసం వంగిన మా బావమరిది మోచెయ్యి ఆనించాడు. టక్కుమని ఒక్క చప్పుడు. టీ మొత్తం అతని ప్యాంటు మీద, బజ్జీలు ఇసకలో. తుడుచుకుంటూ అన్నాడు కదా, ‘బావా, ప్లాంటులో కూడా ఇలాగే బిగించేవాడివా?’ పిల్లలు నవ్వారు. మా ఆవిడ మొహం అటు తిప్పుకుని నవ్వింది. అది ఇంకా కష్టం. తిరిగొచ్చేటప్పుడు ప్రతి మలుపులోనూ తలుపు లోంచి గలగలమని చప్పుడు. అదేమిటో అప్పుడు నాకు అంతుపట్టలేదు.

ఆ శనివారం కంచరపాలెంలో ఒక ముసలి వడ్రంగి మేస్త్రీ దగ్గరికెళ్లాను. ఆయన పని ఆపకుండానే నా కథంతా విన్నాడు. నేను 60 కిలోల లెక్క కూడా చెప్పాను. తర్వాత పక్కనున్న గుంటడికి సైగ చేశాడు. వాడు సెల్‌ఫోన్ లైటు కన్నానికి ఆనించి, ఒక కన్ను మూసి చూసి, ‘తాతా, అవతల ఏటీ నేదు, బోలు’ అన్నాడు.

మేస్త్రీ నావైపు చూసి, ‘పుల్లలన్నీ నూతిలో ఏసినట్టు ఏసేసినారు బాబూ’ అన్నాడు.

పలక మందం 12 మిల్లీమీటర్లు. దాని వెనక రేకు దాకా ఖాళీ. కన్నం పలక అవతలిదాకా పోయింది. నేను పెట్టిన పుల్లలన్నీ ఆ ఖాళీలో పడ్డాయి. గలగల అవే. అంత లెక్క వేసినవాణ్ణి, పలక వెనక ఏముందో ఒక్కసారి చూడలేదు. పదిహేనేళ్ల కుర్రాడు రెండు సెకన్లలో చూశాడు. అక్కడ టీ ఇప్పించారు గాని నాకు గొంతు దిగలేదు.

పలక విప్పించాడు. వెనక నుంచి ముప్పై ఏడు టూత్‌పిక్‌లు రాలాయి. గుంటడు పైకి లెక్కపెట్టాడు, ఆ అవసరం లేదు. పలక వెనక ఇంకో సంగతి బయటపడింది. నీటిని తట్టుకునే మెరైన్ ప్లై అని చెప్పి షాపువాడు నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. పలక మీద ముద్ర ‘ఐ.ఎస్. 303, ఎం.ఆర్.’ అని ఉంది. అది ఇంటి లోపల వాడే రకం, తేమని కొంతవరకే తట్టుకుంటుంది. మెరైన్ ప్లై అయితే ‘ఐ.ఎస్. 710’ ఉండాలి. కింది అంచు అప్పటికే ఉబ్బి పొరలు విడుతోంది. మీరు బండికైనా వంటింటికైనా ప్లై వేయిస్తుంటే, కొయ్యకముందే ముద్ర ఫొటో తీసి పెట్టుకోండి. నవ్వుతూ టీ ఇచ్చే షాపువాళ్ల దగ్గర రెండు ఫొటోలు తీసుకోండి.

ఇక రిపేరు. పాత కన్నాల్లోని పొట్టు దులిపి, వెదురు బద్దని సన్నగా చీల్చి, వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్‌లో ముంచి, వెనక అడ్డుచెక్క పెట్టి కుక్కాడు. ఆరాక పైకి వచ్చిన మొనల్ని ఉలితో సమంగా కోసేశాడు. గుండ్రటి కర్రముక్క కొడితే పోదా అని అడిగాను. అలా కొడితే స్క్రూ కర్ర నార పోగుల వెంబడే దిగుతుందట, పట్టు తక్కువట. ప్రతి బ్రాకెట్టు వెనకా ఆరంగుళాల 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై ముక్క అతికించి క్లాంపు వేశాడు. ఇప్పుడు చెక్క మందం 24.

‘రేపు ఇదే టైముకి రండి’ అన్నాడు. రెండు గంటలు చాలదా అన్నాను. ‘మొన్న రెండు గంటలేగా ఆగారు?’ అన్నాడు. మళ్లీ నోరెత్తలేదు.

స్క్రూలు నన్ను తెమ్మన్నాడు. డాబాగార్డెన్స్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ 8 నంబరు, ఒక అంగుళం స్క్రూలు ఆరు ఇమ్మంటే వంద డబ్బా కొనాలన్నారు. కొన్నాను. తొంభై నాలుగు మిగిలాయి, ఎవరికైనా కావాలంటే ఇస్తాను. మూడో ఆదివారం, అంటే ఈరోజు, 2.5 మిల్లీమీటర్ల బిట్టుతో ముందు కన్నాలు వేసి, స్క్రూలకి కొవ్వొత్తి రుద్ది, చేత్తోనే బిగించాం. సబ్బు రుద్దబోతే ఆపాడు, సబ్బు తేమ పీలుస్తుందన్నాడు. చివరి రెండు చుట్లు నన్నే తిప్పమన్నాడు. చెక్క కిర్రుమని పట్టుకున్న ఆ బిగువు మణికట్టుకి తెలుస్తుంది. ప్లాంటులో వదిలేసి వచ్చాననుకున్న బిగువు అది.

బయట రేకు మీద పొక్కు అలాగే ఉంది. రెడ్ ఆక్సైడ్ కొట్టాను, ఎర్రగా కనిపిస్తోంది. బండికి బొట్టు పెట్టినట్టుందని మా ఆవిడ దాన్ని అలాగే ఉంచమంది. బావమరిదికి ఫోన్ చేసి వచ్చే ఆదివారం మళ్లీ భీమిలి రోడ్డుకి రమ్మన్నాను. వస్తాడట, టీ మాత్రం నిలబడి తాగుతాడట.