సెంట్రల్ పక్కన ఎర్ర మేడ

పినాకిని దిగి చెన్నై సెంట్రల్ బయటకు వస్తే అందరి చూపూ తెల్లటి రిపన్ బిల్డింగ్ మీదికే పోతుంది. దాని పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలును పట్టించుకునేవారు తక్కువ. నేను వెళ్లినప్పుడు మరమ్మతులు సాగుతున్నాయి. చుట్టూ పరంజా, ముందు రేకుల కంచె. పెరంబూరులో స్థిరపడిన బాబాయి తోడు వచ్చారు. "పాత గోడలు చూడటానికి బెజవాడ నుంచి వచ్చావట్రా!" అని దారంతా ఎగతాళి చేశారు.

ఈ గోడలకు మనతో చుట్టరికం ఉంది. 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు, గురజాడకు అండగా నిలిచిన ఆనంద గజపతి. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన సరస వినోదిని సభతో వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలు ఆడారు. అవి చూసి ఉత్సాహం పుట్టిన కుర్రవాడు పమ్మల్ సంబంధ మొదలియార్ ఆ ఏడాదే సుగుణ విలాస సభ పెట్టించాడు. ఆధునిక తమిళ నాటకానికి పెద్దదిక్కయిన మనిషికి దారి చూపింది ఒక చిన్న ఊరి తెలుగు బృందం! బాబాయి ఎగతాళి అక్కడితో ఆగింది.

లోపలికి వదలలేదు. కంచె సందులోంచి చూస్తే ఒక తాపీ మేస్త్రీ ఇటుకల సందుల్లో సున్నం కూరుతున్నాడు. వేలితో అదిమి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ అదిమి, ఒక్క వరుసకే చాలాసేపు పట్టింది. తెలుగువాడే. సిమెంటు ఎందుకు వాడరని అడిగితే, "పాత ఇటుక పీల్చిన చెమ్మ సున్నంలోంచి బయటికి పోతుందండీ. సిమెంటు పూస్తే లోపలే ఉండిపోయి ఇటుక పొడి రాలుతుంది" అన్నాడు. మా ఊళ్లో పాత టౌనుహాలుకు సిమెంటు పూసి, ఆపైన నిగనిగలాడే రంగు వేసినవారు ఈ ముక్క వినవలసింది.

గోడల సంగతి మేస్త్రీలు చూసుకుంటారు. నా బెంగ లోపలి వేదిక గురించి. ధర్మవరం వారి పేరు గుమ్మం దగ్గర తెలుగులో, తమిళంలో రాసి పెట్టాలి. సురభి కుటుంబాలను పిలిచి ఆడించాలి. అన్నిటికంటే ముందు, అద్దె చిన్న నాటక సమాజాలకు అందేలా ఉండాలి. ఒక్క సాయంత్రానికి లక్షలు అడిగితే అక్కడ జరిగేవి పెళ్లి విందులే.

"విందులైతే నన్నూ పిలుస్తారు కదరా" అన్నారు బాబాయి.