ఆయా కన్నా ముందు ఏజెన్సీని చూడాలి

2017లో చట్టాన్ని సవరించి ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచినందువల్ల, ఉద్యోగం చేసే నావంటి తల్లులకు బిడ్డ ఆరో నెల దాకా కొంత వెసులుబాటు దొరికింది. ఆ తరువాత బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలన్నదే అసలు చిక్కు. మా అమ్మ కావలిలో నాన్నగారిని కనిపెట్టుకుని ఉండాలి, అత్తమ్మగారికి మోకాళ్ల నొప్పులు. అందుకని నెల్లూరులో ఆయాలను పంపే ఏజెన్సీల గడప తొక్కవలసి వచ్చింది.

కాపలాదారులను పంపే ఏజెన్సీలకు 2005 నాటి చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. ఆయాలను పంపేవారికి అటువంటి ప్రత్యేక కేంద్ర చట్టం ఏదీ లేదు. కాబట్టి బోర్డు మీద ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని కనిపిస్తే, ఆ గుర్తింపు దేనికో అడగాలి. కార్మిక శాఖలో దుకాణంగా చేసుకున్న నమోదో, జీఎస్టీ నంబరో చూపిస్తే, అది వ్యాపారం ఉందని చెబుతుందే తప్ప పంపే మనిషి ఎటువంటిదో చెప్పదు.

‘పోలీసు వెరిఫికేషన్ అయిపోయింది మేడమ్’ అని ఒకచోట ధీమాగా చెప్పి, కాగితం చూపమంటే ఆధార్ జిరాక్సు చేతిలో పెట్టారు. ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది, నడవడిక చెప్పదు. స్టేషను నుంచి వచ్చిన కాగితాన్నే చూడాలి. ఆయా ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో వచ్చి ఉంటే, సొంతూళ్లో కూడా విచారించారా అని అడగాలి.

మరొకచోట మేనేజరు సొరుగు లాగినప్పుడు, రబ్బరు బ్యాండు వేసిన అసలు ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు కట్టగా కనిపించాయి. ఎందుకని అడిగితే, ‘మధ్యలో మానేసి వెళ్లకుండా’ అన్నారు. నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాను. తన కార్డు వేరొకరి సొరుగులో ఉన్న మనిషి, మా ఇంట్లో ఏదైనా ఇబ్బంది కలిగినా నోరు విప్పే ధైర్యం చేయదు. అటువంటి భయంతో ఉన్న మనిషికి బిడ్డను అప్పగించడం ఆమెకూ అన్యాయమే, బిడ్డకూ అన్యాయమే. ఏజెన్సీ నిజాయితీ మనతో మాట్లాడే తీరులో కన్నా, పనికి పంపే మనిషితో వ్యవహరించే తీరులోనే బయటపడుతుందని నా గట్టి నమ్మకం.

అందుకే నేను ఇచ్చే జీతంలో ఆమెకు చేరేది ఎంత అని సూటిగా అడిగాను. కొందరు ఒకేసారి కమీషన్ తీసుకుంటారు, కొందరు నెలనెలా కోత వేస్తారు. కోత ఎక్కువైతే ఆమె ఇంకో ఇల్లు వెదుక్కుంటుంది, బిడ్డకు మళ్లీ కొత్త ముఖం ఎదురవుతుంది. ‘నచ్చకపోతే వెంటనే రీప్లేస్‌మెంట్ ఇస్తాం’ అన్న మాటకు చాలామంది సంతోషిస్తారు కానీ, ఆరు నెలలు దాటిన బిడ్డ చూసుకునే మనిషిని గుర్తుపట్టి అంటిపెట్టుకునే వయసులో ఉంటుంది. కనుక మీరు పంపినవారు ఒక్కో ఇంట్లో ఎంతకాలం ఉంటున్నారన్న ప్రశ్న అంతకన్నా ముఖ్యం.

ఆరోగ్య పరీక్షల్లో క్షయకు సంబంధించినది తప్పక చూడాలి, పసిపిల్లలకు ఆ జబ్బు సోకితే చాలా తీవ్రంగా మారే ప్రమాదం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లను పంపుతామంటే ఒప్పుకోకూడదు.

ఇంతకుముందు పనిచేసిన ఇళ్ల ఫోన్ నంబర్లు ఇవ్వడానికి నసిగే ఏజెన్సీని నేను నమ్మను. అలా నంబరు దొరికిన వేదాయపాళెంలోని ఒక పెద్దావిడతో మాట్లాడినప్పుడు, ఆయా మంచిదా చెడ్డదా అని అడగకుండా, బిడ్డ ఏడిస్తే ఏం చేసేదని అడిగాను. ‘ఎత్తుకుని వాకిట్లో తిప్పేదమ్మా. ఉగ్గు పెట్టేటప్పుడు మాత్రం ఫోను మోగినా తీసేది కాదు’ అన్నారావిడ. ఏ సర్టిఫికెట్టూ ఇవ్వని ధైర్యం ఆ మాట ఇచ్చింది. ఆయాను కలిసినప్పుడు, గొంతులో వేరుశనగ గింజ అడ్డుపడితే ఏం చేస్తావమ్మా అని కూడా అడిగాను. తెలియదని చెప్పినా ఫరవాలేదు, నేర్పించవచ్చు. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెదకడం గింజను ఇంకా లోపలికి నెట్టవచ్చని మాత్రం మొదటిరోజే చెప్పాలి.

చివరకు కుదిరిన ఏజెన్సీ ఒప్పందాన్ని తెలుగులో రాయించింది. జీతం నేరుగా ఆమె బ్యాంకు ఖాతాకే వెళ్లాలని, వారానికి ఒకరోజు, సంక్రాంతికి ఊరికి వెళ్లేందుకు సెలవు ఉండాలని అందులో ఉంది. ఆమెకు చదివి వినిపించిన తరువాతే ముగ్గురం సంతకాలు పెట్టాము. ఆ ఒప్పందం నకలు ఒకటి ఆయా చేతికి కూడా ఇవ్వమని మీరూ అడగండి. ఇవ్వడానికి వెనకాడితే, అడ్వాన్సు కట్టకుండానే బయటికి వచ్చేయండి.