చీటీల ఆవిడ కనిపించింది

పెద్దాడి ఉద్యోగం ఖాయమైందని సాయంత్రం ఫోనొచ్చింది. ఆ సంగతులు రేపు తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది.

పొద్దున పటమట రైతుబజార్లో వంకాయలు ఏరుతుంటే భుజం మీద చెయ్యి పడింది. చూస్తే చీటీల ఆవిడ! "ఏవమ్మా, చిక్కిపోయావేంటి? అత్తయ్యగారు కులాసానా?" అంటూ నా సంచీలోకి తొంగిచూసి, గోంగూర ముదిరిందని కూడా చెప్పింది. మొహంలో తడబాటన్నది లేదు. తల దించుకున్నది నేను!

ఇంటికొచ్చి చెప్తే చిన్నది ఫోన్లోంచి తలెత్తకుండానే "సోషియోపాత్ అమ్మా" అనేసింది, అంటే ఎదుటివాళ్ళ బాధ పట్టని మనిషని. మొన్న వాళ్ళ లెక్చరర్నీ అదే అంది. మెసేజ్‌కి జవాబివ్వని స్నేహితురాల్నీ అదే అంది. ఒళ్ళు మండింది. సైకాలజీ చదివే పిల్ల అనాల్సిన మాటేనా? దాని నోట్సు తీయించాను. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం-5లో దానికి ఉన్న పేరు యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్. ఆ ముద్ర వేయాలంటే మనిషికి 18 ఏళ్ళు నిండాలి, 15 ఏళ్ళలోపే ఆ పోకడలు కనబడి ఉండాలి, ఏడు లక్షణాల్లో కనీసం మూడుండాలి. ఆవిడ చిన్నతనం మనం చూశామా? అప్పు ఎగ్గొట్టిన వాళ్ళందరికీ జబ్బు అంటగడితే ఎలా?

కానీ ఆ ఏడింట్లో ఒకటి, ఎదుటివాళ్ళకి చేసిన హానికి ఏదో సాకు చెప్పి పట్టనట్టు ఉండిపోవడం. అక్కడ ఆగిపోయాను.

చీటీ మునిగిన రోజు మా పనమ్మాయి ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. కూతురి పెళ్ళికి దాచిన డబ్బది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చింది, పక్కన కూర్చుని "నీకంటే ఎక్కువ పోగొట్టుకున్నది నేనేనే" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకే జాలేసింది. పనమ్మాయి మెట్లు దిగీ దిగకముందే నావైపు తిరిగి, "ఈ జాకెట్టు ఎక్కడ కుట్టించావ్? చేతులు బాగా కుదిరాయి" అంది. కళ్ళలో చెమ్మ లేదు. గ్లాసు అడుగున కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

ఇవాళ ఆ పిల్లని పేరు పెట్టి మరీ అడిగింది, "మీ ఇంట్లోనే చేస్తోందా?" అని. మర్చిపోయిందనుకుంటే సరిపెట్టుకునేదాన్ని. అన్నీ గుర్తున్నాయి!

జబ్బో కాదో డాక్టర్లు తేల్చుకోనీ. నాకు ఆ జాకెట్టు మాట చాలు.

ఆదివారం ఇంటికొస్తానంది, ఏదో కొత్త స్కీము ఉందట. అత్తయ్యకి ఆవిడంటే ఇప్పటికీ మహా ప్రేమ. పొద్దున లేవగానే చెప్పాలి, పెన్షన్ ఊసు ఎత్తొద్దని, పాస్‌బుక్కు నా బీరువాలో పెడతానని. అలుగుతుంది. అలగనీ.