పత్తర్‌గట్టి ముత్యాల్లో కాంతి తరంగాలు

పత్తర్‌గట్టి దుకాణాల్లో మేలైన ముత్యాన్ని చేతిలోకి తీసుకుని పరీక్షగా చూస్తే, తెలుపు మీద నడుమ లేత గులాబీ ఛాయ, అంచు దగ్గర సన్నగా ఆకుపచ్చ జాడ కనిపిస్తాయి. అది అద్దకం కాదు. కాంతి తరంగమని కంటికి చూపించే సాక్ష్యాల్లో ఇంతకంటే అందమైనది హైదరాబాదులో మరొకటి లేదని నా నమ్మకం.

ముత్యం పైభాగంలో అరగొనైట్ అనే సున్నపు ఖనిజం పలుచని పలకలుగా, వరుస మీద వరుసగా పేరుకుని ఉంటుంది; ఒక్కో పలక మందం సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, వెయ్యి నానోమీటర్లు). ముత్యాన్ని పంటి అంచున రుద్దితే తగిలే గరుకు ఆ పలకల అంచులదే. పడిన వెలుతురులో కొంత పై పలక నుంచి, కొంత దాని కింది పలక నుంచి, అలా వరుసగా వెనక్కి వస్తుంది. కింది నుంచి వచ్చే తరంగం ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కనుక, ఆ అదనపు దూరంలో ఏ రంగు తరంగదైర్ఘ్యం, అంటే ఒక్క అల పొడవు, పూర్ణసంఖ్యలో ఇముడుతుందో ఆ రంగుకు శృంగం (అల శిఖరం) శృంగంతో కలిసి బలం చేకూరుతుంది. శృంగం ద్రోణితో (అల పల్లంతో) కలిసిన రంగు అణగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. పలక మందం 0.4 మైక్రాన్లు, వక్రీభవన గుణకం (కాంతి అందులో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 1.6 అనుకుంటే, రానూపోనూ అదనపు దారి 1280 నానోమీటర్లకు సమానం. అందులో 640 నానోమీటర్ల ఎరుపు సరిగ్గా రెండుసార్లు, 427 దగ్గరి ఊదా మూడుసార్లు ఇముడుతాయి. 512 దగ్గరి ఆకుపచ్చ మాత్రం రెండున్నర సార్లు పట్టి నశిస్తుంది. ఎరుపు, ఊదా ముత్యపు తెలుపుతో కలిస్తే వచ్చేది గులాబీయే. అంచుల వద్ద కాంతి ఏటవాలుగా దూరుతుంది కాబట్టి ఆ తేడా దాదాపు 1000 నానోమీటర్లకు తగ్గి, ఈసారి 500 దగ్గరి ఆకుపచ్చకే బలం వస్తుంది. ఇంత చిన్న గుండు మీద ఇంత కచ్చితమైన గణితం కనిపించడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ముత్యపు చిప్ప రంగుల్లో కొన్నింటికి ఉపరితలం మీది సన్నని గాడులే కారణమని స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ 1814లో ప్రకటించాడు. చిప్పను మైనానికి అద్ది తీస్తే, మైనం మీద కూడా అవే రంగులు మెరిశాయి.

మన ఇళ్లలో 101.9 మెగాహెర్ట్జ్ మీద వినిపించే రెయిన్‌బో ఎఫ్ఎం కూడా కాంతిలాగే విద్యుదయస్కాంత తరంగమే. అయితే దాని పొడవు దాదాపు మూడు మీటర్లు కనుక ఈ పలకలు దానికి లెక్కలోకే రావు. ఎక్స్‌ కిరణాల సంగతి ఇందుకు విరుద్ధం. వాటి తరంగదైర్ఘ్యం పరమాణువుల మధ్య దూరంతో పోల్చదగినది కాబట్టి, స్ఫటికం గుండా వెళ్లినప్పుడు అవి వివర్తనం చెందుతాయని, అంటే కొన్ని దిక్కుల్లోకే చెదిరి చుక్కలుగా పడతాయని, 1912లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ లావే ఆలోచనతో రుజువైంది. సహజ ముత్యంలో పలకలు కేంద్రం చుట్టూ పేరుకుంటాయి. ఏ దిక్కు నుంచి కిరణాన్ని నడుమకు పంపినా అది పలకలను నిలువుగా దాటి, ఫిల్మ్ మీద ఆరు చుక్కల నమూనాను వదులుతుంది. చిప్ప నుంచి చెక్కిన పూసను లోపల పెట్టి పెంచిన ముత్యంలో ఆ పూస పొరలు సమాంతరంగా ఉంటాయి కనుక, చాలా దిక్కుల్లో నాలుగు చుక్కలే పడతాయి. ముత్యాన్ని కోయకుండానే దాని పుట్టుకను తేల్చడానికి రత్న పరీక్షకులు ఈ పద్ధతిని వాడారు.