చప్పిడి ఆదివారాలు

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున తొమ్మిది కాకముందే సుబేదారిలోని ల్యాబుకు వెళ్ళి కూర్చున్నాను. నాది బైపోలార్ జబ్బు, మనసు కొన్నాళ్ళు అతిగా ఉరకలెత్తి, కొన్నాళ్ళు పూర్తిగా కుంగిపోతుంది. దానికి లిథియం మాత్రలు వాడతాను. ఈ మందు రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షకు ఈ లెక్క తప్పకూడదు. రాత్రి మాత్ర తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి, అంటే పన్నెండు గంటలు గడిచాక, పొద్దుటి మాత్ర ఇంకా వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. ముందైతే ఎక్కువ చూపిస్తుంది, ఆలస్యమైతే తక్కువ చూపిస్తుంది. మూడు నెలలకొకసారి ఇదే పని. సూది గుచ్చినచోట దూది అదిమిపెట్టుకుని మెట్లు దిగుతుంటే పెద్దమ్మ ఫోను. "బిడ్డా, పరకాలలో బస్సెక్కాను. ఈరోజు నీ దగ్గరే ఉంటాను."

హనుమకొండ బస్టాండుకు వెళ్ళి తీసుకొచ్చాను. సంచి నిండా పచ్చి మామిడికాయలు. మా పెరటి చెట్టువే, నాకోసం ఏరి ఏరి తెచ్చింది. ఇంట్లోకి వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు ఇంకా తాగనైనా లేదు, నా మోచేతి మడతలో అతికించిన దూది చూసింది.

"మళ్ళీ రక్తం ఇచ్చావా?"

అంతే, ఇంకేమీ అనలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అసలు మాట బయటికి వచ్చింది. రేపటి నుంచి తొమ్మిది ఆదివారాలు సూర్యభగవానుడికి నేను ఒంటిపూట ఉండాలట. చప్పిడి తిండి, ఉప్పు తగలకూడదు. పొద్దుగుంకే దాకా నీళ్ళు కూడా ముట్టకూడదు. ఆ తొమ్మిది వారాలూ మాత్రలు డబ్బాలోనే ఉండాలి. "నమ్మినవాళ్ళకు మనసు రోగం రాదు బిడ్డా. అది రోగం కాదు."

ఇది ఏప్రిల్. మధ్యాహ్నం గడప దాటితే చెప్పుల అడుగు కూడా కాలుతోంది. లిథియం కూడా ఒక లవణమే. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఉప్పుతో పాటు దీన్ని కూడా బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. చెమట పట్టి నీళ్ళు తాగకపోయినా అంతే. రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. ముందు చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, తరువాత మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. అప్పటికీ ఆపకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి రోజే డాక్టరమ్మ చీటీ వెనుక తెలుగులో రాసి ఇచ్చింది: ఉప్పు తగ్గించవద్దు, నీళ్ళు మానవద్దు. రెండింటి కిందా రెండేసి గీతలు. మందులు మానేసి ఉపవాసం చేస్తే వచ్చే ప్రమాదం ఒకటి, మందులు వేసుకుంటూ చేస్తే వచ్చేది ఇంకొకటి.

పెద్దమ్మ గురించి ఇలా రాస్తుంటే తప్పు చేస్తున్నట్టు ఉంది. ఐదేళ్ళు వచ్చేదాకా నన్ను పెంచింది ఆమే. ఒక్కసారి కూడా నన్ను పిచ్చిది అనలేదు. ఊళ్ళో ఎవరో ఎర్రగడ్డ పేరెత్తి ఎగతాళి చేస్తే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి కడిగి వచ్చింది. నా మీద ఆమెకున్నది చిన్నచూపు కాదు, భక్తి. నాకు కష్టమైనది ఆ భక్తే.

2019 డిసెంబరులో నేను నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. పరకాలలో పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాను. మాటలు నోట్లోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. పెద్దమ్మ నా కాళ్ళు పసుపు నీళ్ళతో కడిగి, కర్పూరం వెలిగించి, అమ్మవారు పలుకుతోందని చుట్టుపక్కలవాళ్ళను పిలిచింది. ఒకావిడ కొడుకు ఉద్యోగం గురించి అడిగింది. ఉగాదికి వస్తుందని చెప్పాను. ఆ చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్న ధీమా ఇప్పటికీ చెవిలో ఉంది. ఐదో రోజు మా ఆయన వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వచ్చిన తల్లిని మాత్రలతో వెళ్ళగొట్టామని పెద్దమ్మ బాధ. ఆ తరువాత నేను మంచం దిగలేకపోయిన నెలలన్నీ ఆ తల్లి కోపమే అంటుంది.

ఐనవోలు మల్లన్న జాతరలో, దేవుడు పూని ఆడే శివసత్తులను చూస్తూ పెరిగాం ఇద్దరమూ. వాళ్ళంటే నాకు గౌరవం తగ్గలేదు. కానీ డప్పు ఆగితే వాళ్ళు తిరిగి మనుషుల్లోకి వస్తారు, జుట్టు ముడి వేసుకుంటారు, పిల్లలకు అన్నం పెడతారు. నాకు మొదలవడానికి డప్పు లేదు, ఆగడానికీ లేదు. అయినా నిజం రాసుకుంటున్నాను: ఆ నాలుగు రాత్రులూ అమ్మవారివే అయితే ఎంత బాగుండేదని కొన్ని మధ్యాహ్నాలు అనిపిస్తుంది. జబ్బు అనే మాట కంటే ఆ మాట ఎంత తీయగా ఉంటుందో పడినవాళ్ళకే తెలుస్తుంది.

వాదించడం ఎప్పుడో మానేశాను. ఒకసారి కోపంలో, నువ్వు బీపీ మాత్ర ఎందుకు వేసుకుంటున్నావు, దేవుడి మీద నమ్మకం లేకనా అని అడిగాను. మరునాటి నుంచి ఆ మాత్ర మానేసింది, ఎవరికీ చెప్పకుండా. తొమ్మిదో రోజు బావి దగ్గర కళ్ళు తిరిగి పడింది. నా మాట నెగ్గిందనుకున్న ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఎండ తగ్గాక భద్రకాళి గుడికి వెళ్ళాం. దర్శనమయ్యాక చెరువు వైపు గాలికి కూర్చున్నప్పుడు అడిగాను, "చిన్న మామయ్యకు కూడా ఇలాగే నిద్ర పట్టేది కాదా?"

మా ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు అది. మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగిన రోజు అమ్మ అక్కడ నోరు విప్పలేదు, ఇంటికి వచ్చాక చెప్పింది. గాలి సోకిందని మామయ్యను ఒక గుడి దగ్గర నలభై ఒక్క రోజులు గొలుసుతో కట్టి ఉంచారు. దగ్గరుండి అన్నం తినిపించింది పెద్దమ్మే. 1988లో, ఇరవై తొమ్మిదేళ్ళకు, బావిలో పడి పోయాడు. ఈ జబ్బుకు లిథియం పనిచేస్తుందని 1949లోనే, మామయ్య పుట్టడానికి పదేళ్ళ ముందే ఆస్ట్రేలియాలో ఒక డాక్టరు చూపించాడు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు మంటల్లోంచి తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదట. నాది జబ్బు అని ఒప్పుకుంటే మామయ్యదీ జబ్బే అవుతుంది. అప్పుడు ఆ నలభై ఒక్క రోజులు ఆమె ముందుకు వచ్చి నిలబడతాయి. ఈ డెబ్బై ఏళ్ళ మనిషిని అక్కడికి నెట్టడం నాకు చేతకాదు.

చాలాసేపు నీళ్ళ వైపే చూసింది. "పాటలు పాడేవాడు. తెల్లవార్లూ," అంది. కాసేపటికి, "లే, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

ఇంటికి వచ్చేసరికి ఫోనులో రిపోర్టు వచ్చి ఉంది, రక్తంలో లిథియం 0.7. నాకు 0.6కూ 0.8కీ మధ్య ఉండాలి. పెద్దమ్మకు చెప్పాను. అలాగా అని కూడా అనలేదు. తొమ్మిదింటికి ఆమె ఎదురుగానే మాత్ర వేసుకున్నాను. దాచి వేసుకోవడం నాకు ఇష్టం లేదు. అప్పుడు చెప్పాను, "పెద్దమ్మా, తొమ్మిది ఆదివారాలు పొద్దున్నే లేచి సూర్యుడికి నీళ్ళు వదులుతాను. ఉప్పు, నీళ్ళు, మాత్ర, ఈ మూడూ మాత్రం వదలలేను. ఇంకేదైనా అడుగు."

మాత్ర వైపు చూడకుండా చీర కొంగు సర్దుకుంటూ ఆలోచించింది. "అయితే ఎంతో ఇష్టమైనది వదలాలి. మామిడికాయ వదులు."

సరే అన్నాను. వంటింట్లోకి వెళ్ళి తను తెచ్చిన కాయల్లో రెండు కోసి, ఉప్పూ కారమూ చల్లి పిల్లలకు పెట్టింది. ఆ పళ్ళెం నాకు అందనంత దూరంలో కూర్చుంది. ఇల్లంతా ఇంకా సొన వాసన వస్తోంది. ఐదున్నరకు అలారం పెట్టుకున్నాను.