తాడు లాగగానే పలికే రంపం

నేను మొదట కొన్న చైన్‌సా ఒంటిమీద 58 సీసీ అని పెద్ద అంకెలతో రాసి ఉండేది. దాని బార్, అంటే తన అంచు చుట్టూ గొలుసు తిరిగే పలక, పొడవు 20 అంగుళాలు. నేను కోసే దుంగల్లో చాలావరకు నా తొడకంటే సన్ననివే. అయినా, రంపం పెద్దదైతే చిన్న పని మరింత సులువవుతుందనీ, ఎప్పుడైనా గాలికి పెద్ద మాను కూలితే అప్పుడు అక్కరకొస్తుందనీ నాకు నేనే సర్దిచెప్పుకుని దాన్ని తెచ్చుకున్నాను. మొదటి ఏడాది బాగానే కోసింది. రెండో ఏడాది కట్టెలు పేర్చుకోవలసిన రోజులు వచ్చేసరికి, ఒక ఉదయమంతా తాడు లాగి లాగి నా భుజం పట్టేసిందే తప్ప, ఇంజన్ కనీసం ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. మరమ్మతు చేసే ఆయన కార్బ్యురేటర్ విప్పి, లోపల అట్టముక్కలా బిగుసుకుపోయిన పల్చటి పొరను చూపించి, "పెట్రోలు ఎన్నాళ్లు నిల్వ ఉంచారండీ?" అని అడిగాడు. ఎనిమిది నెలలు. ఆ తప్పు నాది. పొర మార్చాక రంపం మళ్లీ పలికింది గానీ, ఆ తరువాతి నెలలోనే గొలుసుకు నూనె అందించే పంపును తిప్పే ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోయింది. ఆ చక్రం ఎక్కడా దొరకలేదు. తయారుచేసినవారు ఎవరో రంపం మీద గానీ, దానితో వచ్చిన చిన్న పుస్తకంలో గానీ లేకపోతే ఎవరిని అడగాలి?

అప్పటినుంచి నమ్మదగిన రంపం అన్న మాటను నేను మూడు విషయాలతో కొలుస్తున్నాను. కొన్ని నెలలు మూలన పడి ఉన్నా నాలుగైదు లాగులకు అందుకోవాలి, మొద్దుబారిన గొలుసుకు నా చేత్తో నేనే పదును పెట్టుకోగలగాలి, అరిగిన భాగం పేరు చెప్పి అడిగితే దొరకాలి. బలం గురించిన ఆలోచన ఆ తరువాతనే వస్తుంది.

కొనబోయేవారు మొదట కొలవవలసింది తాము నిత్యం కోసే దుంగల లావును. బార్ పొడవు ఆ లావుకంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. అడుగు మందం దుంగలకు 14 లేదా 16 అంగుళాల బార్ హాయిగా సరిపోతుంది. అరుదుగా అంతకంటే లావైన మొద్దు తగిలితే రెండు వైపుల నుంచీ కోసి మధ్యలో కలుపుకోవచ్చు. పొడవైన బార్ వల్ల వచ్చే తిప్పలు మాత్రం ప్రతిరోజూ ఉంటాయి. ముందువైపు బరువు పెరిగి మణికట్టు లాగేస్తుంది; దుంగకు అవతలివైపు బార్ ముక్కు ఎక్కడుందో కనబడదు, అది నేలను గీరిందంటే ఆ రోజు పదును అక్కడితో సరి; ఇక పదును పెట్టే సమయంలో లెక్కించవలసిన పళ్లు కూడా ఎక్కువే. నా పాత 20 అంగుళాల గొలుసులో కోత పళ్లు 38 ఉండేవి, ఇప్పటి 16 అంగుళాల గొలుసులో 28 మాత్రమే ఉన్నాయి. ఆ పది పళ్ల తేడా ఎంతో, సాయంత్రం వంగి కూర్చుని ఆకురాయి పట్టినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంజన్ విషయానికి వస్తే, ఇంటికి కావలసిన కట్టెలు కోసుకునేవారికి 35 నుంచి 45 సీసీ వరకు ఉన్న రంపం చాలు. రోజూ అదే పనిగా లావు దుంగలు కోసేవారికి 50 సీసీ దాటినది అవసరం పడుతుంది. అయితే ఒంటిమీద రాసిన అంకెను చూసి మురిసిపోకూడదు. ఊరూ పేరూ లేని కొన్ని రంపాల మీద ఆ అంకె అసలు కొలతకంటే చాలా పెద్దదిగా ఉంటుంది. ఇంజన్ శక్తిని కిలోవాట్లలో, బార్ లేకుండా రంపం బరువును కిలోల్లో స్పష్టంగా చెప్పినదాన్ని ఎంచుకోవాలి. 40 నుంచి 45 సీసీ రంపాలు సాధారణంగా 1.6 నుంచి 2.2 కిలోవాట్ల శక్తినిస్తూ, నాలుగైదు కిలోల బరువుంటాయి. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ తయారుచేసిన విద్యుత్ గొలుసు రంపం 64 కిలోల బరువుండేది, దాన్ని ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని నడపవలసి వచ్చేది. ఆ లెక్కన అయిదు కిలోలు ఏపాటి అనిపించవచ్చు గానీ, రెండు గంటల పని తరువాత అర కిలో తేడా కూడా నడుముకు తెలుస్తుంది.

బయటికి ఒకేలా కనిపించే రంపాల్లో లోపలి కట్టుబడి రెండు రకాలు. ఒక రకంలో ఇంజన్‌ను విడిగా బిగించి ప్లాస్టిక్ చట్రంలో కూర్చోబెడతారు. రెండో రకంలో మెగ్నీషియం మిశ్రమ లోహంతో పోత పోసిన క్రాంక్‌కేసే, అంటే ఇంజన్ ఇరుసును మోసే డొల్లే, రంపానికి వెన్నెముకగా ఉంటుంది. రెండోది వేడికీ, ఏళ్లపాటు పడే ఒత్తిడికీ బాగా తట్టుకుంటుంది, విప్పి బాగుచేయడం కూడా సులభం. దానికి తగినట్టే ఖరీదూ ఎక్కువ. ఏడాదికి పది పన్నెండు రోజులు మాత్రమే కట్టెలు కోసేవారికి, తెలిసిన సంస్థ చేసిన మొదటి రకం రంపమైనా చాలా ఏళ్లు నడుస్తుందని నా అభిప్రాయం. రెంటిలో ఏది తీసుకున్నా, చేతిపిడికీ ఇంజన్‌కూ మధ్య స్ప్రింగులు గానీ రబ్బరు దిమ్మెలు గానీ ఉన్నాయో లేదో చూడాలి. అవి లేని రంపం అదురు నేరుగా వేళ్లలోకి పాకుతుంది. ఏళ్ల తరబడి ఆ అదురు తగిలినవారికి వేళ్లు తెల్లబడి స్పర్శ తగ్గే జబ్బు వస్తుంది.

బ్యాటరీ రంపాలను నేను మొదట్లో ఆటవస్తువులనుకునేవాణ్ని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. 36 వోల్టులు, అంతకు మించిన బ్యాటరీతో నడిచే మంచి రంపం చిన్న పెట్రోలు రంపం చేసే పనంతా చేస్తుంది. దానికి కార్బ్యురేటర్ లేదు, పాచిపోయే పెట్రోలు లేదు, లాగవలసిన తాడూ లేదు. మీట నొక్కితే పలుకుతుంది. కాబట్టి మూలన పెట్టి మరచిపోయే నాలాంటివారికి ఒక విధంగా అదే నమ్మకమైనది. అయితే లావు దుంగల మీద ఒక బ్యాటరీ త్వరగానే అయిపోతుంది, గట్టి చలిలో ఇంకా త్వరగా అయిపోతుంది, కొన్నేళ్లకు బ్యాటరీయే మార్చవలసి వస్తుంది. తీగతో నడిచే విద్యుత్ రంపం, దుంగలను ఇంటి దగ్గరికే తెచ్చుకుని కోసేవారికి చవకలో తీరే మార్గం. తీగ సన్నగా, మరీ పొడవుగా ఉంటే మాత్రం వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది.

ఇంజన్ గురించి ఇంత చెప్పినా, కట్టెను కోసేది గొలుసే. కొనేటప్పుడు ఎవరూ దానివైపు చూడరు. ఇప్పుడు మనం వాడే గొలుసు పన్ను ఆకారం వెనుక ఒక పురుగు ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో కలప పని చేసిన జోసెఫ్ బ్యుఫోర్డ్ కాక్స్ ఒకరోజు మొద్దును తొలుస్తున్న పెంకుపురుగు పిల్లను గమనించాడట. దాని దవడలు రెండూ కొక్కేల్లా వంగి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ చెక్కుతూ, నారకు అడ్డంగానైనా నిలువుగానైనా అంతే సులువుగా సాగిపోతున్నాయి. ఆ దవడల పోలికతోనే ఆయన చేసిన గొలుసు 1947లో అమ్మకానికి వచ్చింది. అంతకుముందరి గొలుసుల పళ్లు చేతిరంపం పళ్లలా గీరేవి, తరచుగా పదును కోరేవి. నేటికీ మన గొలుసులో ఒక పన్ను కుడికి, తరువాతది ఎడమకి తిరిగి ఉండటం ఆ పురుగు చలవే.

గొలుసుకు రెండు కొలతలు తెలిసి ఉండాలి. వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగాన్ని పిచ్ అంటారు. బార్ గాడిలో కూర్చునే కింది ముక్క మందాన్ని గేజ్ అంటారు. చిన్న రంపాలకు చాలావరకు ఎత్తు తక్కువగా ఉండే 3/8 అంగుళం పిచ్ గొలుసు, మధ్యరకం వాటికి 0.325 అంగుళాల పిచ్ గొలుసు వస్తాయి. మొదటిదానికి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, రెండోదానికి 4.8 మిల్లీమీటర్లది వాడాలి. ఈ కొలతలు బార్ మీదనే చెక్కి ఉన్న రంపాన్ని కొనడం మంచిది. లేకపోతే గొలుసు మార్చవలసి వచ్చిన ప్రతిసారీ అంచనాల మీద నడవాలి. మరీ అరుదైన కొలత గొలుసు వేసిన రంపాన్ని, మిగతావన్నీ ఎంత బాగున్నా, నేను పక్కన పెట్టేస్తాను.

పదును ఉందో లేదో చూపులతో తేల్చనక్కరలేదు, కింద రాలినదాన్ని చూస్తే చాలు. పదునైన గొలుసు చిన్న చిన్న పేళ్లను రాలుస్తుంది. మొద్దుబారినది పిండిలాంటి పొట్టును రాలుస్తుంది. రంపాన్ని దుంగ మీద ఒత్తవలసి వస్తోందంటే ఇంజన్‌లో బలం లేదని అనుకునేవారు ఎక్కువ, కాని చాలాసార్లు నేరం పన్నుదే. నేను ట్యాంకు నింపిన ప్రతిసారీ ఒక్కో పన్నుకు రెండు మూడు సార్లు ఆకురాయి తగిలిస్తాను, ఎప్పుడూ లోపలినుంచి బయటికే, గొలుసు మీద గీత ఉంటే దాన్ని బట్టి, సాధారణంగా 30 డిగ్రీల వాలులో. పన్ను ముందుండే చిన్న మెట్టు కోత లోతును అదుపు చేస్తుంది. పళ్లు అరిగిన కొద్దీ ఆ మెట్టును కూడా, పన్ను అంచుకంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా చదునైన ఆకురాయితో దించాలి. దాన్ని అతిగా దించితే గొలుసు కట్టెను కరిచి పట్టుకుని గుంజుతుంది. మట్టిలో ఈడ్చుకొచ్చిన దుంగ బెరడులో ఇసుక ఉంటుంది, పాత కంచెకు వాడిన మానులో మేకులు ఉంటాయి. వీటిలో ఏది తగిలినా ఎంత ఖరీదైన గొలుసైనా ఒక్కటే.

గొలుసుకు నూనె సరిగా అందుతోందో లేదో కొనే చోటే తేల్చుకోవచ్చు. రంపాన్ని నడిపించి, బార్ ముక్కును తాకించకుండా ఒక లేత రంగు చెక్కకు ఎదురుగా పట్టుకుని వేగం పెంచితే, చెక్క మీద సన్నటి నూనె చార పడాలి. ఆ చార పడని రంపం బార్‌ను కాల్చేస్తుంది. నా మొదటి రంపానికి పళ్లచక్రం అరిగినప్పుడు జరిగింది అదే. బార్ అంచు నీలిరంగుకు తిరిగాక గానీ నాకు తెలియలేదు.

ఒక విషయంలో బేరాలు పనికిరావు. బార్ ముక్కు పైసగం దేనికైనా తగిలితే రంపం రెప్పపాటులో వెనక్కి ఎగిరి మనిషి మీదికి వస్తుంది. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది కాబట్టి తప్పించుకునే వ్యవధి ఉండదు. ముందు పిడి ఎదుట ఉండే రక్షణ పలకను ముందుకు తోస్తే గొలుసు ఠక్కున ఆగాలి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గొలుసు అసలు కదలకూడదు. ఈ రెండూ చూడకుండా ఏ రంపాన్నీ తీసుకోవద్దు. చెవులకు మూతలు, కళ్లకు అడ్డు, కాళ్లకు రంపపు పని కోసం కుట్టిన ప్యాంటు కూడా రంపంతో పాటే కొనాలి. ఆ ప్యాంటు లోపలి పొడుగాటి నారలు గొలుసు తగలగానే బయటికొచ్చి, గొలుసును తిప్పే పళ్లచక్రానికి చుట్టుకుని దాన్ని బిగించేస్తాయి. చేతిలో డబ్బు తక్కువైతే రంపం సైజు తగ్గించుకోవాలి గానీ ప్యాంటు మానుకోకూడదు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది వాడిన రంపమే. 42 సీసీ, 16 అంగుళాల బార్, భాగాలు దొరుకుతాయని ముందే విచారించి తెలుసుకున్న సంస్థది. అమ్మేవారి ఎదుటే సైలెన్సర్ మరలు విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూశాను. నిలువు గీతలు ఉంటే, నూనె కలపని పెట్రోలుతోనో, తక్కువ కలిపిన పెట్రోలుతోనో నడిపారని అర్థం. ఆ రంపాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దనాలి. దీని పిస్టన్ నున్నగా ఉంది. ముందే నడిపి వేడి చేసి ఉంచిన రంపం ఎవరికైనా సులువుగా పలుకుతుంది గనుక, చల్లగా ఉన్నప్పుడే తాడు లాగి చూస్తానన్నాను. నాలుగో లాగుకు పలికింది.

లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె, అంటే 50కి 1 పాళ్లు, దీనికి కావలసిన మిశ్రమం. ఒక నెలలో అయిపోయేంత మాత్రమే కలుపుకుంటాను, డబ్బా మీద తేదీ రాసి పెడతాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుని, రబ్బరు గొట్టాలనూ ఆ పల్చటి పొరనూ పాడుచేస్తుంది కాబట్టి, కట్టెల పని ముగిసిన రోజు ట్యాంకు ఒంపేసి, మిగిలిన ఆ కాస్తా కాలిపోయి ఇంజన్ తనంతట తాను ఆగిపోయేవరకు నడిపిస్తాను. ఆ తరువాత గొలుసు బిగువు కాస్త సడలిస్తాను. వేడి మీద సాగిన గొలుసు చల్లారాక ముడుచుకుని ఇంజన్ ఇరుసు బేరింగుల మీద బరువు మోపకుండా ఉండటానికి అది చాలు.